సినిమాలో దాచిన వివరాలు, చాటు జోకులు పట్టుకోవడం ఎలా?

"ఈ సినిమా పదిసార్లు చూశాను, ఇది నా కంట ఎప్పుడూ పడలేదే!" అంటారు చాలామంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "మీకెలా కనపడింది?" ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

దీనికి ప్రత్యేకమైన కళ్ళేమీ అక్కర్లేదు. వెలుతురు, ఫోకస్, హీరో ముఖం, డైలాగ్, కదలిక, ఇవన్నీ కలిసి మన చూపును ఒకచోటికి లాక్కెళ్తాయి. మనం బుద్ధిగా అక్కడే చూస్తాం. దాచిన వస్తువు పక్కన ఉంటుంది. చూపును ఎప్పుడు, ఎటు పక్కకు తిప్పాలో తెలిస్తే సగం పని అయినట్టే. దొరికినది నిజమా, మన ఊహా అని తేల్చుకోవడం మిగతా సగం.

ముందుగా ఒక హెచ్చరిక. ఉదాహరణల కోసం షాన్ ఆఫ్ ద డెడ్, బ్యాక్ టు ద ఫ్యూచర్, సైకో, ద సిక్స్త్ సెన్స్ సినిమాల కథలోని కొన్ని విషయాలు బయటపెడుతున్నాను. చూడనివాళ్ళు ముందు అవి చూసి రండి.

1. ఏం వెతుకుతున్నామో తెలుసుకోండి

సినిమాలో దాచినవాటన్నిటినీ కలిపి ఈస్టర్ ఎగ్ అనేస్తుంటారు కానీ, ఒక్కో రకం ఒక్కోచోట దాగుతుంది. రకం తెలిస్తే చోటు తెలుస్తుంది.

ముందస్తు సూచన: రాబోయే కథను మామూలు మాటలో చెప్పేయడం. షాన్ ఆఫ్ ద డెడ్ (2004) మొదట్లో, బార్‌లో కూర్చున్న ఎడ్ తన స్నేహితుడు షాన్‌ను ఊరడిస్తూ రేపటి తాగుడు కార్యక్రమం చెబుతాడు. పొద్దున్నే ఒక బ్లడీ మేరీ, కింగ్స్ హెడ్‌లో ఒక కొరుకు, లిటిల్ ప్రిన్సెస్‌లో ఒక జంట, తూలుకుంటూ మళ్ళీ ఇక్కడికి, ఆపైన షాట్లు. వినడానికి పబ్బుల పేర్లు, మందు పేర్లు. మర్నాడు జరిగే కథంతా అదే వరుసలో ఉంటుంది. పెరట్లో కనపడే మొదటి జాంబీ పేరు మేరీ, తర్వాత షాన్ సవతి తండ్రికి పడే కాటు, ప్రియురాలి దగ్గర తోడయ్యే జంట, జాంబీల్లా తూలుతూ బార్‌కి నడక, చివరికి తుపాకీ షాట్లు.

తీసినవాళ్ళ సంతకం: ప్రతి సినిమాలోనూ వచ్చే ఒక గుర్తు. పిక్సార్ సినిమాల్లో ఏ113 అన్న అక్షరాలు కనిపిస్తాయి. అది కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ద ఆర్ట్స్‌లో ఒక క్లాస్‌రూమ్ నంబరు. అక్కడ చదివి యానిమేషన్‌లోకి వచ్చినవాళ్ళు దాన్ని సినిమాల్లో దాస్తుంటారు. టాయ్ స్టోరీ (1995)లో ఆండీ వాళ్ళమ్మ కారు నంబరు ప్లేటు మీద ఉంది. బాహుబలి మొదటి భాగం (2015)లో రాజమౌళి కల్లు, సారా అమ్మేవాడిగా కాసేపు కనిపించడం కూడా ఈ కోవలోదే.

పక్క సినిమాకు పలకరింపు: రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్ (1981)లో పాతాళ గదిలోని ఒక స్తంభం మీద ఈజిప్టు బొమ్మలు చెక్కి ఉంటాయి. వాటి మధ్య స్టార్ వార్స్ రోబోలు రెండూ ఉన్నాయి.

బ్యాక్‌గ్రౌండ్ జోకు: జూటోపియా (2016)లో ఒక ముంగిసలాంటి జంతువు రోడ్డు పక్కన పైరసీ డిస్కులు అమ్ముతుంది. ఆ డిస్కుల పేర్లన్నీ డిస్నీ వాళ్ళ సొంత సినిమాల పేర్లకు పేరడీలు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పాత్రకు గొంతు ఇచ్చిన ఆలన్ ట్యూడిక్, ఫ్రోజెన్ (2013)లో దాదాపు అదే పేరున్న డ్యూక్ పాత్రకూ గొంతు ఇచ్చాడు. ఆ సినిమాలో డ్యూక్ పేరును తప్పుగా పలుకుతుంటారు. ఇక్కడ ఈ జంతువు పేరునూ అలాగే తప్పు పలుకుతారు.

చివరిది పొరపాటు. ఎవరూ దాచలేదు, జారిపోయింది. ప్రెట్టీ వుమన్ (1990)లో టిఫిన్ తింటుంటే హీరోయిన్ చేతిలో ఉన్న క్రొయిసాంట్ కాస్తా పాన్‌కేక్ అయిపోతుంది. ఇలాంటివి పట్టుకోవడం సరదాయే కానీ, వీటిని పై నాలుగింటితో కలపకండి.

2. మొదట ఏ సినిమా తీసుకోవాలి?

ఇప్పటికే చూసి ఇష్టపడిన సినిమా తీసుకోండి. నచ్చని సినిమాను మూడోసారి చూడటం ఎవరివల్లా కాదు.

కొత్తవాళ్ళకు నా సలహా యానిమేషన్. అందులో ఏదీ దానంతటది ఫ్రేములోకి రాదు. టేబుల్ మీద కాగితం ఉందంటే ఎవరో ఒకరు కూర్చుని గీశారు, దాని మీద ఏం రాయాలో ఆలోచించారు. లైవ్ యాక్షన్‌లో అలా కాదు. రోడ్డు మీద తీస్తే దారిన పోయే బండి కూడా ఫ్రేములో పడుతుంది.

యానిమేషన్ తర్వాత ట్విస్టు ఉన్న సస్పెన్స్ సినిమాలు, ఆ తర్వాత వేగంగా నడిచే కామెడీలు తీసుకోండి. భారీ యుద్ధాలు, ఛేజ్‌లతో నిండిన సినిమాలు చివరికి వదిలేయండి. ఒక్కో షాటు సెకను, రెండు సెకన్లు ఉంటే కంటికి పక్కకు తిరిగే వ్యవధి ఉండదు.

3. కూర్చునే ముందు ఏర్పాట్లు

చాలామంది ఇది దాటేస్తారు. దొరకాల్సినవి సగం ఇక్కడే పోతాయి.

స్క్రీను సైజు సంగతి మొదట. జాక్ టాటి తీసిన ప్లేటైమ్ (1967) 70 ఎంఎం మీద తీసిన సినిమా. అందులో క్లోజప్‌లు దాదాపు ఉండవు. ఒకే ఫ్రేములో నాలుగైదు చోట్ల నాలుగైదు జోకులు ఒకేసారి నడుస్తుంటాయి. దాన్ని ఫోన్‌లో చూస్తే గదుల్లో తిరిగే మనుషులు చీమల్లా కనపడతారు. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద స్క్రీను ఏదో దాని ముందు కూర్చోండి.

తర్వాత ఫ్రేము పూర్తిగా వస్తోందా చూసుకోండి. వెడల్పు సినిమాను పాత చదరపు టీవీలకు సరిపెట్టడానికి రెండు వైపులా కోసేసేవారు. 2.39:1 నిష్పత్తిలో తీసిన సినిమాను 4:3కి కోస్తే బొమ్మలో 40 శాతానికి పైగా పోతుంది. అలా కోసిన ప్రింట్లు ఇంకా తిరుగుతున్నాయి. ఫోన్‌లోనూ, టాబ్‌లోనూ స్క్రీను నిండేలా రెండు వేళ్ళతో జూమ్ చేస్తే అంచులు పోతాయి. పైనా కిందా నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. దాచిన వస్తువులకు అంచులంటే మహా ఇష్టం.

చెక్‌లిస్టు:

☐ జూమ్, స్ట్రెచ్ ఆపేశారా?
☐ టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేశారా? అది ఫ్రేముల మధ్య లేని బొమ్మల్ని పుట్టిస్తుంది. ఒక్కో ఫ్రేము ఆపి చూస్తే అసలు ఏదో, టీవీ పుట్టించింది ఏదో తెలియదు.
☐ వీడియో క్వాలిటీ "ఆటో"లో కాకుండా ఉన్నవాటిలో ఎక్కువదానికి పెట్టారా?
☐ గదిలో లైట్లు తగ్గించారా? నీడల్లో దాచినవి పగటి వెలుతురులో కనపడవు.
☐ హెడ్‌ఫోన్స్ ఉన్నాయా?
☐ "తర్వాతి వీడియో దానంతటదే" అన్న సెట్టింగ్ ఆపేశారా? లేకపోతే రోలింగ్ టైటిల్స్ మొదలవగానే చిన్న పెట్టెలోకి వెళ్ళిపోతాయి.
☐ "స్కిప్ ఇంట్రో" నొక్కకూడదని అనుకున్నారా?
☐ పెన్ను, కాగితం పక్కన ఉన్నాయా? నోట్స్ రాయడానికి ఫోన్ తీస్తే చూపు సినిమా మీదకు తిరిగి రాదు.

ఒక్కో ఫ్రేము జరిపే కిటుకు కూడా ఇప్పుడే నేర్చుకోండి. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే ఇంగ్లిష్ 'E' అక్షరం కీ నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు కదులుతుంది. యూట్యూబ్‌లో వీడియో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ముందుకు, కామా కీ నొక్కితే వెనక్కి.

4. మొదటి చూపు: పాజ్ చేయకండి

మీరు చూసిన సినిమానే అయినా, ఈ పని కోసం కూర్చున్నప్పుడు మొదట ఒకసారి ఆపకుండా చూడండి. కథ మనసులో తాజాగా ఉండాలి. ఏ సీను తర్వాత ఏ సీను, ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తుంది, అన్నది గుర్తుంటేనే ముందు వచ్చిన చిన్న వస్తువుకు విలువ తెలుస్తుంది.

ఈ చూపులో చేయాల్సింది ఒక్కటే. "ఇదేంటి?" అనిపించిన ప్రతిచోటా కాగితం మీద సమయం వేసి ఒక్క మాట రాయండి. "0:22 ఎర్ర తలుపు". అంతే. వెనక్కి వెళ్ళి చూడాలని చేయి లాగుతుంది. ఆగండి.

5. రెండో చూపు: ఒక్కో రౌండులో ఒక్కటే

అసలు పని ఇదే. అందరూ చేసే తప్పు, అన్నీ ఒకేసారి వెతకడం. బొమ్మ, శబ్దం, రాత, బట్టలు అన్నీ ఒకేసారి పట్టుకోవాలనుకుంటే ఏదీ చిక్కదు. సినిమా మొత్తం ప్రతి రౌండుకూ తిప్పక్కర్లేదు. మొదటి అరగంట, చివరి ఇరవై నిమిషాలు, మీరు గుర్తు పెట్టుకున్న సీన్లు, ఇవి చాలు.

*రౌండు ఒకటి: వెనుక, అంచులు*

మాట్లాడేవాళ్ళ ముఖం చూడకండి. వాళ్ళ భుజం పక్కనుంచి వెనక్కి చూడండి. కిటికీ అవతల, తెరిచిన తలుపులో, అద్దంలో. జూనియర్ ఆర్టిస్టులు ఏం చేస్తున్నారో చూడండి.

నార్త్ బై నార్త్‌వెస్ట్ (1959)లో కెఫెటేరియా సీను ఉంది. ముందు హీరో, హీరోయిన్ ఉద్రిక్తంగా మాట్లాడుకుంటుంటారు. కాసేపట్లో హీరోయిన్ తుపాకీ తీసి కాలుస్తుంది. మన కళ్ళు వాళ్ళ మీదే. వెనక ఒక టేబుల్ దగ్గర ఒక కుర్రవాడు కూర్చుని ఉంటాడు. తుపాకీ పేలడానికి ముందే వాడు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటాడు! పేలుతుందని వాడికి ముందే తెలుసు, బహుశా రిహార్సల్‌లో చెవులు గింగురుమని ఉంటాయి. ఇది పొరపాటే. అయినా నాకు చాలా ఇష్టమైన పొరపాటు. వెనక్కి చూడటం అలవాటైందో లేదో పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి షాటు లేదు.

స్టార్ వార్స్ (1977)లో తలుపులోంచి వస్తూ తల కొట్టుకునే సైనికుడు కుడివైపు ఉంటాడు. 2004 డీవీడీలో ఆ దెబ్బకు "ఠక్" అన్న శబ్దం కూడా కలిపారు. అంటే పొరపాటుగా మొదలైనది కావాలని పెట్టిన జోకుగా మారింది.

*రౌండు రెండు: రాతలు*

ఫ్రేములో అక్షరం కనపడితే ఆగండి. ఈ రౌండులో పాజ్ చేయడం తప్పు కాదు, చేయకపోవడమే తప్పు. బోర్డులు, దినపత్రికలు, కారు నంబర్లు, పుస్తకాల అట్టలు, కంప్యూటర్ స్క్రీన్లు, మందు సీసాల లేబుళ్ళు, గోడ మీద పోస్టర్లు.

దర్శకుడు హిచ్‌కాక్ తన సినిమాల్లో ఎక్కడో ఒకచోట కనపడతాడని తెలిసిందే. లైఫ్‌బోట్ (1944) కథ దాదాపుగా సముద్రం మధ్యలో ఒక పడవలోనే నడుస్తుంది. దారిన పోయే మనిషిగా కనపడే వీలు లేదు. అందుకని పడవలో ఒకతను చదువుతున్న పేపర్లో, బరువు తగ్గించే మందు ప్రకటనలో ముందు, తర్వాత అన్న రెండు ఫోటోలుగా వచ్చాడు.

అమెరికా సినిమాల్లో ఫోన్ నంబర్లు 555తో మొదలవడం మాత్రం జోకు కాదు. 555-0100 నుంచి 555-0199 వరకు నంబర్లు కల్పిత వాడకం కోసం పక్కన పెట్టారు, నిజం మనుషులకు ఫోన్లు వెళ్ళకుండా. ఇది మీ జాబితాలో రాసుకోవద్దు.

*రౌండు మూడు: బట్టలు, రంగులు*

ఇక్కడ ఒక్క సీను చూసి లాభం లేదు. ఒకే పాత్రను సినిమా పొడుగునా పట్టుకెళ్ళాలి. ఆమె బట్టల రంగు ఎప్పుడు మారింది? ఆ మారడానికి ముందు ఏం జరిగింది?

సైకో (1960)లో మేరియన్ డబ్బు దొంగిలించక ముందు లోదుస్తులు తెల్లవి, చేతిసంచి తెల్లది. దొంగిలించాక రెండూ నల్లవి. ఎవరూ ఒక్క మాట అనరు.

ద సిక్స్త్ సెన్స్ (1999)లో ఎర్ర రంగును చాలా పొదుపుగా వాడారు. అవతలి లోకం ఇవతలికి తగిలినచోటే అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆ తలుపు పిడి గుర్తుందా?

*రౌండు నాలుగు: చెవులు*

కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు వినండి. నిజంగానే చెబుతున్నాను, కళ్ళు మూసుకోండి. దూరంగా మైకులో అనౌన్స్‌మెంటు, పక్క గదిలో టీవీ వార్తలు, రేడియోలో పాట, గుంపులో ఎవరో అన్న మాట, అన్నీ అప్పుడు పైకి తేలతాయి.

శబ్దాలకూ సంతకాలుంటాయి. విల్హెమ్ కేక అని ఒకటి ఉంది. 1951 నాటి ఒక సినిమా కోసం రికార్డు చేసిన మగవాడి అరుపు. స్టార్ వార్స్‌కు శబ్దాలు చేసిన బెన్ బర్ట్ దాన్ని స్టూడియో గుట్టల్లోంచి తీసి వాడాడు. ఆ తర్వాత వందల సినిమాల్లో, ఎవడో ఒకడు ఎత్తునుంచి పడేటప్పుడు అదే అరుపు. ఒకసారి విని గుర్తుపట్టారంటే ఇక జీవితాంతం వినపడుతూనే ఉంటుంది.

డబ్బింగ్‌లో చూస్తే ఈ రౌండు సగం పోతుంది. వెనక వినపడే మాటల్ని చాలాసార్లు డబ్ చేయరు, లేదా తీసేస్తారు. మాటల మీద నడిచే జోకులు సబ్‌టైటిల్స్‌లో ఇమడవు. మాయాబజార్ (1957)లో రాక్షసులకు "దుష్టచతుష్టయం" నోరు తిరగక పడే పాట్లను వేరే భాషలో ఎలా రాస్తాం? వేరే భాషల సినిమాల్లో మనం పోగొట్టుకునేవీ అలాంటివే. భాష రాకపోయినా ఒకసారి మూలంలో వినండి, సబ్‌టైటిల్ చిన్నదిగా ఉండి అక్కడ నటుడు పెద్ద మాట అన్నాడనిపిస్తే ఆ సమయం రాసుకోండి. ఆ భాష తెలిసినవాళ్ళను అడిగితే తరచుగా మంచి సంగతి ఒకటి బయటపడుతుంది.

*రౌండు ఐదు: ఒంటి తీరు*

శబ్దం పూర్తిగా తీసేసి ఒక సీను చూడండి. మాట్లాడేవాళ్ళను కాదు, వినేవాళ్ళను.

మాయాబజార్‌లోనే, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిని సావిత్రి నటించిన సీన్లను శబ్దం లేకుండా చూడండి. అద్దం ముందు సొగసుగా వయ్యారాలు పోతున్న మనిషి, ఒక్క క్షణం ఏమరగానే భుజాలు వెడల్పవుతాయి, నడక బరువెక్కుతుంది. ఎవరో వస్తున్నారనగానే మళ్ళీ ముడుచుకుంటుంది. పాట వింటూ చూస్తే నవ్వుకుని వదిలేస్తాం. శబ్దం లేకుండా చూస్తే ఆ మార్పు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టొచ్చు.

ద సిక్స్త్ సెన్స్‌లో రెస్టారెంట్ సీను కూడా ఇలాగే చూడాలి. భర్త ఆలస్యంగా వచ్చి కూర్చుంటాడు, సంజాయిషీ చెబుతుంటాడు. బిల్లు వస్తుంది. అతను చేయి చాచేలోపు ఆమె అందుకుంటుంది. మాటలతో చూస్తే అలిగిన భార్య. మాటలు తీసేసి ఆమె కళ్ళు చూడండి, ఒక్కసారి కూడా అతని కళ్ళను కలవవు.

6. లేనిదాన్ని కూడా చూడండి

ఉన్నది పట్టుకోవడం కంటే ఇది కష్టం. మాయాబజార్ పదిసార్లు చూసినవాళ్ళని అడగండి, అందులో ధర్మరాజుగా ఎవరు వేశారని. కాసేపు ఆలోచిస్తారు. మహాభారతం చుట్టూ అల్లిన కథ, పాండవుల కష్టాలతో నడిచే కథ, కానీ పాండవులు తెర మీదకే రారు. కృష్ణుడు, బలరాముడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, కౌరవులు, వీళ్ళతో తెర ఎంత నిండుగా ఉందంటే వాళ్ళు లేరని తోచనే తోచదు.

ప్రతి సినిమాకూ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

☐ కథలో మాటిమాటికీ పేరు వినపడుతూ మనిషి కనపడనిది ఎవరు?
☐ ఎవరితో ఎవరూ నేరుగా మాట్లాడటం లేదు?
☐ మామూలుగా ఉండాల్సిన ఏ వస్తువు, ఏ రంగు, ఏ శబ్దం ఈ సీనులో లేదు?

7. మొదటి సీను, చివరి సీను పక్కపక్కన పెట్టండి

రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో సినిమా మొదలు, ఇంకోదానిలో ముగింపు పెట్టుకోండి. అదే ఇల్లు, అదే వీధి, అదే బల్ల రెండుసార్లు వస్తే తేడాలు వెతకండి.

బ్యాక్ టు ద ఫ్యూచర్ (1985)లో కుర్రవాడు మార్టీ, సైంటిస్టును కలవడానికి రాత్రిపూట ఒక మాల్ పార్కింగ్‌కు వెళ్తాడు. బోర్డు మీద ట్విన్ పైన్స్ మాల్ అని ఉంటుంది, అంటే జంట దేవదారులు. ఒకప్పుడు ఇదంతా పీబాడీ అనే ముసలాయన పొలమని, ఆయనకు పైన్ చెట్లు పెంచే పిచ్చి ఉండేదని సైంటిస్టు మాటల్లో చెబుతాడు. మార్టీ 1955కు వెళ్ళి ఆ పొలంలోనే పడతాడు. తుపాకీ పట్టుకున్న పీబాడీ నుంచి తప్పించుకునే కంగారులో కారుతో ఒక చిన్న పైన్ మొక్కను గుద్దేస్తాడు. ముసలాయన గగ్గోలు పెడతాడు, మనం నవ్వుకుంటాం, కథ ముందుకు వెళ్ళిపోతుంది.

చివర్లో మార్టీ 1985కు తిరిగొచ్చి అదే మాల్‌కు పరుగెడతాడు. ఇప్పుడు బోర్డు మీద ఉన్నది లోన్ పైన్ మాల్. ఒంటి దేవదారు.

ఆ బోర్డును దాచలేదు. ఫ్రేములో పెద్దగానే ఉంటుంది. కానీ ఆ క్షణంలో మన గుండె "సైంటిస్టు బతుకుతాడా?" అని కొట్టుకుంటుంటుంది. మంచి దర్శకులు వివరాన్ని చీకట్లో దాచరు, మన టెన్షన్ వెనక దాస్తారు. కాబట్టి కథ ఉత్కంఠగా ఉన్నచోట్ల మళ్ళీ వెళ్ళి, ఈసారి తాపీగా చుట్టూ చూడండి.

8. టైటిల్స్ వదలకండి

రోలింగ్ టైటిల్స్ మొత్తం చదవండి, వేగంగా పోతుంటే పాజ్ చేస్తూ. ఎయిర్‌ప్లేన్ (1980) చివరి టైటిల్స్‌లో సాంకేతిక నిపుణుల మధ్య ఒక వరుస ఉంది: ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్ రచయిత, చార్లెస్ డికెన్స్. ఆ నవలకూ ఈ సినిమాకూ ఏ సంబంధమూ లేదు. మాంటీ పైథాన్ అనే హాస్య బృందం తీసిన 1975 సినిమాలో మొదటి టైటిల్స్ కిందే దొంగ స్వీడిష్ సబ్‌టైటిల్స్ నడుస్తాయి, దుప్పుల గురించి. "స్కిప్ ఇంట్రో" నొక్కినవాళ్ళకు ఆ సినిమాలోని మంచి జోకుల్లో ఒకటి పోయినట్టే.

9. రాసుకునే పద్ధతి

స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకండి. చాలా స్ట్రీమింగ్ యాప్‌లలో స్క్రీన్‌షాట్ నల్లగా వస్తుంది. ప్రతి వివరానికీ ఈ ఐదూ రాయండి:

☐ సమయం: గంట, నిమిషం, సెకను
☐ ఫ్రేములో చోటు: ఎడమ, కుడి, పైన, వెనక
☐ కనపడింది ఏంటి (ఊహ కలపకుండా)
☐ ఏమనుకుంటున్నాను
☐ మళ్ళీ ఎక్కడ వచ్చింది

మూడో గడినీ నాలుగో గడినీ కలపకపోవడం చాలా ముఖ్యం. "గోడ మీద పక్షి బొమ్మ ఉంది" అన్నది కనపడింది. "స్వేచ్ఛకు గుర్తు" అన్నది మీరనుకున్నది. ఐదో గడి ఖాళీగా ఉండిపోతే నాలుగో గడిని పెన్సిల్‌తోనే ఉంచండి.

10. నిజమా, ఊహా? తేల్చుకోవడం

నాకు బాగా గుర్తుండిపోయిన తప్పు ఒకటి చెబుతాను. ఒక కుటుంబ కథలో గోడ గడియారం ప్రతి సీనులోనూ ఒకే సమయం చూపిస్తోందని గమనించాను. ఆ ఇంట్లో కాలం ఆగిపోయిందని దర్శకుడి భావమని నలుగురికీ చెప్పాను. షూటింగులు తెలిసిన ఒకాయన విని చెప్పారు: సెట్లో గడియారం నడిస్తే ఒక షాటుకీ ఇంకో షాటుకీ సమయం కలవదు, అందుకని బ్యాటరీ తీసి పెట్టడం మామూలే అని. ఆ రోజు నుంచి ప్రతి వివరాన్నీ "దీనికి పనికి సంబంధించిన మామూలు కారణం ఉందా?" అని ముందు అడుగుతాను.

గాడ్‌ఫాదర్ (1972)లో నారింజపళ్ళు కనపడితే చావు దగ్గర్లో ఉన్నట్టే అని ఎప్పటినుంచో చెప్పుకుంటారు. ప్రొడక్షన్ డిజైనర్ డీన్ టవులారిస్ చెప్పిన కారణం వేరు: చీకటిగా ఉండే సెట్లలో కంటికి ఆనే రంగు కావాలి. పళ్ళూ నిజమే, చావులూ నిజమే, ముడి వేసింది మాత్రం మనం.

ద మేట్రిక్స్ (1999)లో హీరో నియో పాస్‌పోర్టు గడువు 2001 సెప్టెంబరు 11తో ముగుస్తుంది. పాజ్ చేసి చూసినవాళ్ళు ఉలిక్కిపడతారు. కానీ సినిమా వచ్చింది అమెరికా మీద ఆ రోజు జరిగిన దాడులకు రెండేళ్ళ ముందు. అది కాకతాళీయం. వేల కాగితాలు, వేల తేదీలు తెర మీద కనపడుతుంటే ఒకటి ఎక్కడో తగులుతుంది.

మసక ప్రింటు ఏం చేస్తుందో చూడాలంటే ద విజర్డ్ ఆఫ్ ఓజ్ (1939). అడవి సీనులో వెనక చెట్ల మధ్య ఎవరో ఉరేసుకున్నారని పుకారు పుట్టింది. పాత వీడియో క్యాసెట్లలో ఒక నల్లటి ఆకారం కదిలేది, అంతే కనపడేది. శుభ్రం చేసిన ప్రింట్లలో చూస్తే అది రెక్కలు విప్పుతున్న పెద్ద పక్షి. సెట్లో అడవిలా కనపడటానికి పక్షుల్ని తెచ్చి వదిలారు.

తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్నలు:

☐ మళ్ళీ వచ్చిందా? ఒకసారి వస్తే అనుమానం, మూడుసార్లు వస్తే నమ్మకం.
☐ కెమెరా దానికోసం ఒక్క క్షణమైనా ఆగిందా, లేక దాన్ని తెచ్చిపెట్టడానికి ఎవరైనా పని చేయాల్సి వచ్చిందా?
☐ వెలుతురు, కంటిన్యుటీ (ఒక షాటుకీ ఇంకో షాటుకీ పొంతన), బడ్జెట్, చట్టం లాంటి మామూలు కారణం ఏదైనా ఉందా?
☐ ఇంకో మంచి ప్రింటులోనూ అలాగే కనపడుతోందా?
☐ దర్శకుడో, ఆర్ట్ డైరెక్టరో, ఎడిటరో దాని గురించి మాట్లాడారా? డీవీడీ కామెంటరీలు, అంటే సినిమా నడుస్తుండగా తీసినవాళ్ళు చెప్పే కబుర్లు, ఇందుకు బంగారు గనులు.

వాళ్ళు మాట్లాడలేదంటే అబద్ధమని కాదు. "ఇలా చూడొచ్చు" అని చెప్పండి, "దర్శకుడు ఇలా పెట్టాడు" అనకండి.

11. తరచుగా వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

ఏమీ దొరకట్లేదు. బహుశా హీరో ముఖాన్నే చూస్తున్నారు. స్క్రీను మధ్య భాగాన్ని అరచేతి వెడల్పు కాగితంతో కప్పి రెండు నిమిషాలు చూడండి. కన్ను అంచులకు పోక తప్పదు.

ప్రతిదీ క్లూలాగే కనపడుతోంది. ఇది అలసట. ఆపి మర్నాడు చూడండి. మర్నాడు చూస్తే సగం క్లూలు మామూలు కుర్చీలు, బల్లలు అయిపోతాయి.

ఏదో మెరిసింది కానీ పాజ్ చేస్తే దొరకట్లేదు. ఒక్క ఫ్రేము అయి ఉండొచ్చు, అంటే సెకనులో 24వ వంతు. ఫైట్ క్లబ్ (1999)లో టైలర్ పాత్ర కథలోకి రాకముందే కొన్నిచోట్ల ఇలా ఒక్క ఫ్రేము మెరిసి మాయమవుతాడు. రెండు సెకన్లు వెనక్కి వెళ్ళి ఒక్కో ఫ్రేము జరపండి. స్ట్రీమింగ్ యాప్‌లో పది సెకన్ల చొప్పునే జరుగుతుంటే వేగం సగానికి తగ్గించి చూడండి, లేదా డిస్కు సంపాదించండి.

పక్కనవాళ్ళు విసుక్కుంటున్నారు. వాళ్ళతో మొదటి చూపు చూడండి, రౌండ్లు ఒంటరిగా చేయండి. ఎవరైనా మొదటిసారి చూస్తుంటే "ఇప్పుడు వెనకాల చూడు" అనకండి. ఆ మనిషికి దొరకాల్సిన ఆనందం మీరు తీసేసుకున్నట్టే. సినిమా అయిపోయాక, సమయం రాసిన కాగితం చేతిలో పెట్టి, "ఈ మూడు చోట్లకీ వెళ్ళి చూడు" అనండి. ఏముందో మాత్రం చెప్పకండి.